తడిసిన మిరపకాయలు

గోడకవతల మిరపకాయలు ఎండబోసినట్టున్నారు, పొద్దుట్నుంచీ మా ఇంట్లో తుమ్ములే తుమ్ములు. మా పెరటి మధ్యలో ఆ గోడ లేచి కొన్నేళ్ళయింది. అవతల ఉండేది మా తోడికోడలు. ఒకే వంటింట్లో వండుకున్నవాళ్ళం. ఆవిడని నేను అక్కా అనే పిలిచేదాన్ని.

గోడ కథ వినుకొండలో ఒక పెళ్ళి రిసెప్షన్‌తో మొదలైంది. మగవాళ్ళు వెంట లేకుండా మేమిద్దరం ఊరు దాటడమే అరుదు. ఐస్‌క్రీం రెండుసార్లు తిని, ఫొటోలు దిగి, ఆటోలో ఇల్లు చేరేసరికి ఊరంతా నిద్రలో ఉంది. వీధి తలుపు కొడితే అత్తగారు లేస్తారని పెరటి దారి పట్టాం. ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. చీకట్లో, మిరపకాయలు ఆరబోసిన పట్టా అంచు కాలికి తగిలి, అక్క కొత్త పట్టుచీరతో సహా మిరపకాయల రాశిలో కూలబడింది. "కళ్ళు పోతున్నాయే, నీళ్ళు పొయ్యవే!" అంది. చేతికందిన బకెట్ ఎత్తి కుమ్మరించాను. అది గేదె కోసం పెట్టిన కుడితి! తలనిండా మెతుకులతో తుమ్ముతూనే అక్క, పొట్ట పట్టుకుని నేను, నవ్వాపుకోలేకపోయాం. లోపల్నుంచి అత్తగారు "దొంగలు, దొంగలు!" అని కేకేశారు. బావగారు కర్ర పట్టుకొచ్చి, లుంగీ సర్దుకుంటూ ముందు నడుస్తున్న మా ఆయన్నే దొంగనుకుని వీపు మీద ఒక్కటేశారు.

లైటు వెలిగాక మా నవ్వు ఆగిపోయింది. బావగారు భార్య ముఖం చూడలేదు, రాశిని చూశారు.

"కాయంతా తడిసిందిరా! నల్లబడితే ఎవడు కొంటాడు? నీ పెళ్ళాం చేసిన పని, ఆ నష్టం నీ వాటాలో తీసేసుకో."

"వదిన పడబట్టేగా అన్నయ్యా!" అన్నాడు మా ఆయన వీపు రుద్దుకుంటూ.

అక్క కళ్ళు మూసుకుని అక్కడే కూర్చుని ఉంది. మంచినీళ్ళు తెచ్చి నేనే కళ్ళు కడిగాను. అన్నదమ్ములు కాయ నుంచి బోరుకీ, బోరు నుంచి చేలగట్లకీ వెళ్ళి, ఎన్నాళ్ళుగానో మింగినవన్నీ కక్కుకున్నారు. ఆ పంట అమ్మకముందే గోడ కట్టడానికి మేస్త్రీ వచ్చాడు.

నిరుడు ఇద్దరూ రాజీపడ్డారు. ఒకే లారీలో సరుకు గుంటూరు యార్డుకు పంపుతున్నారు. మమ్మల్ని మాత్రం కలవనివ్వరు. "మీరిద్దరూ చేరితేనే కొంపలో గొడవ" అంటాడు మా ఆయన. మొన్న దర్శిలో ఒక పెళ్ళిలో, ఎదురు బంతిలో అక్క కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. "బాగున్నావా అక్కా?" అన్నాను. ఏదో అనబోయి, బావగారు ఇటు తిరగ్గానే విస్తట్లోకి తల దించుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళ కోపం చల్లారింది. మా ఇద్దరికీ ఆ ఏళ్ళు ఊరికే పోయాయి.