ఆమె మొక్కుకున్న కొండ

నా భార్య పోయిన మూడో నెలలో ఒక సాయంత్రం ఎదురింటి ఆవిడ మా వాకిట్లోకి వచ్చి, "అన్నా, నీకొక మాట చెప్పాల. చెప్పకుంటే నాకు నిద్ర పడతా లేదు" అంది.

బళ్ళారి గాంధీనగర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా మా ఇళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. వాళ్ళు కతోలికులు, మేము కాదు. ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవాళ్ళు. ఏటా వాళ్ళ గుంపు బస్సు కట్టించుకుని రాష్ట్రం సరిహద్దు అవతల ఉన్న మరియమాత కొండకు పోయేటప్పుడు, నా భార్య ఒక కొబ్బరికాయ, ఊదుబత్తి పొట్లం పంపేది. తను మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఎదురింటి ఆవిడ చెప్పిన మాట ఇది. అంతకు ముందు ఏడు నాకు గుండె ఆపరేషన్ జరుగుతుంటే, ఆసుపత్రి వరండాలో నా భార్య ఆ మాతకు మొక్కుకుంది. నేను ప్రాణంతో ఇంటికి వస్తే కావి చీర కట్టుకుని, కొండ చివరి మలుపంతా మోకాళ్ళ మీద ఎక్కుతానని. తీర్చకపోతే నాకు బదులు తనను తీసుకోమని.

"అట్ల మొక్కుకోవద్దు వదినె, మాత బేరాలు ఆడదు అంటి. వింటేనా! నీకంటే మొండి ఆయమ్మ."

"తీర్చిందా?"

"మా బస్సులో అయితే రాలేదన్నా. చీర మాత్రం కొనింది. బ్రూస్‌పేటలో నేనే పక్కనుండి కొనిపిస్తి."

నేను ఇంటికి వచ్చాను, బతికాను. ఏడు నెలలకు ఆమె మామూలు జ్వరంతో ఆసుపత్రిలో చేరి తొమ్మిదో రోజు పోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. అయినా ఆ సాయంత్రం తర్వాత అన్నం తింటుంటే వేరేవాళ్ళ కంచంలోది తింటున్నట్టు ఉండేది.

చీర బీరువా అడుగు అరలో, కొట్టువాళ్ళ కవరులోనే దొరికింది. నేను మడత విప్పలేదు.

ఎండాకాలం వచ్చింది. ఏడాది తిరగకుండా కొండ మీది దేవుళ్ళ దగ్గరికి పోకూడదని మా వాళ్ళన్నారు. "మా మాతకు మైల లేదన్నా, రా" అంది ఎదురింటి ఆవిడ. నేను మోకాళ్ళ మీద ఎక్కుతానంటే మాత్రం కోప్పడింది. "మొక్కుకున్నది వదినె. నీ మోకాళ్ళు అరిగితే ఆయమ్మ మొక్కు ఎట్ల తీరుతుంది? మనిషి లేనప్పుడు మనిషి చీర పోవాల. చేతుల మీద పెట్టుకోని నడువు. పైన మాత పాదాల కాడ ఇచ్చి రా." వాళ్ళలో అలా చేస్తారట.

బస్సులో అందరూ ఆడవాళ్ళే. కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. వెనక సీటులోంచి ఒకామె, "ఏమప్పా, అంత భద్రంగా పట్టుకున్నావ్, పెండ్లి చీరనా?" అంది. పక్కనున్నామె ఆమె తొడ మీద గిల్లింది. ఆ తర్వాత బళ్ళారి దాటి చాలా దూరం ఎవరూ మాట్లాడలేదు. నా వల్ల వాళ్ళ సంతోషం పాడైందని సిగ్గేసింది.

ఆ కొండ కూడా మా వైపు కొండల్లాగే ఉంది, బండ మీద బండ, ఎక్కడా నీడ లేకుండా. దారి పొడుగునా సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు, ఒక్కోచోట ఒక సిమెంటు దిమ్మె. పన్నెండో స్థలం దగ్గర నుంచి మెట్ల పక్కన మూరెడు వెడల్పున ఎర్రమట్టి పోసి ఉంచారు. మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళకు అది. గుంపు కింద చెట్ల దగ్గర వంటకు దిగింది. నలుగురిలో చీర మోసుకుంటూ నడవడం ఇష్టం లేక, మధ్యాహ్నమే నేనొక్కణ్ణే బయలుదేరాను.

కొండ మొదట్లో మైనపు బొమ్మలు అమ్మే ముసలామె ఉంది. చేయి, కాలు, కన్ను, గుండె, ఎవరి జబ్బును బట్టి వాళ్ళు కొని పైన పెడతారు. నేను ఆగకుండా పోతుంటే పిలిచింది.

"ఏమప్పా, ఈతూరి ఒక్కడివే వస్తాండావు?"

"నేనెప్పుడూ రాలేదమ్మా."

"రాకపోవడమేంది! పోయినేడు ఇదే ఎండలో రాలేదా? నీ భార్య మోకాళ్ళ మీద, నువ్వు పక్కన గొడుగు పట్టుకోని. ఆయమ్మ వద్దు వద్దంటాంటే నువ్వు వినకపోతివి. నా కాడనే కదప్పా గుండె బొమ్మ కొనింది."

ఇంకెవరినో చూసి ఉంటావన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "ముప్పై ఏండ్ల నుంచి ఈడ కూచున్నా. ఊరికే సుమ్నే చెప్తానా?" అని బొమ్మల మీద తడిగుడ్డ కప్పుకుంది.

పోయిన ఏడు ఆ రోజుల్లో నేను గాంధీనగర్‌లో మంచం మీద ఉన్నాను. ఆపరేషన్ అయి నలభై రోజులు కూడా కాలేదు. వాకిలి దాకా నడిస్తే ఆయాసం. గొడుగు ఎత్తే బలం నాకు లేదు.

పన్నెండో స్థలం దాటాక, పక్కనున్న మట్టి మీద బట్ట ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. నేను ఆగితే అది ఆగింది. రెండు మెట్లు ఎక్కితే, కొంచెం ఆలస్యంగా అదీ కదిలింది. చుట్టూ బండలు, వాటికి తగిలి నా అడుగుల చప్పుడే తిరిగి వస్తోందనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. అయితే నా కాళ్ళకు చెప్పులు కూడా లేవు. చేతుల్లో చీర బరువెక్కిందని రాస్తే బాగుంటుంది కానీ ఎక్కలేదు. మామూలు నూలు చీర బరువే. నేను మాత్రం, ఎందుకో తెలియదు, మెట్టు మెట్టుకూ ఆగి ఆ చప్పుడు నాతో సమానంగా వచ్చేదాకా ఉన్నాను. ఒక్కసారి కూడా పక్కకు తిరిగి చూడలేదు. చూస్తే అక్కడ ఏమీ ఉండదేమోనని భయం.

పైన మాత మందిరం పక్కన కానుకలు తీసుకునే చోట, మెడలో జపమాల వేసుకున్న ఒకామె బల్ల దగ్గర కూర్చుని ఉంది. కవరు ఆమెకిచ్చాను. చీర బయటికి తీసి, రెండు మడతలు విప్పి, నా వైపు నెట్టింది.

"కట్టిన చీర తీసుకోమప్పా. మాతకు కొత్తదే ఇయ్యాల."

"కొత్తదేనమ్మా. కట్టకుండానే పోయింది మనిషి."

"కట్టకుండా ఇదేంది?" అంచు పట్టుకుని నా ముఖం ముందు పెట్టింది. మూల మీద వేలితో అద్దిన పసుపు ఉంది. "మీ వాళ్ళు కొత్త బట్టకు కట్టే దినం కదా పసుపు పెట్టేది? మా కాడికి మీ వాళ్ళు దండిగా వస్తారు, నాకు తెలీదనుకుంటివా?"

నా భార్య కొత్త బట్ట కట్టే పొద్దునే, స్నానం చేసి వచ్చి పసుపు పెట్టేది. కొన్న రోజు ఎప్పుడూ పెట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. మడత విప్పి చూడాలని మాత్రం తోచలేదు. బల్ల దగ్గరామె చీర పూర్తిగా విప్పింది. ముందు భాగంలో మోకాళ్ళు వచ్చే చోట రెండు గుండ్రటి మరకలు, ఎర్రగా, నేత అరిగిపోయి ఉన్నాయి. ఆమె ముఖం మారింది. "నీ భార్యనా అప్పా?" అని మెల్లగా అడిగింది. తలూపాను. చీర మడిచి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చింది.

పోయిన ఏడు ఆ ఎండాకాలంలో నా భార్య ఇల్లు విడిచింది రెండు రోజులే. తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి పోయి వచ్చింది. వచ్చినప్పుడు కుంటుతోంది. ఏటి మెట్ల మీద జారానని చెప్పింది. అక్కడే గోడకు ఆనుకుని నా మరదలికి ఫోన్ చేశాను.

"పోయినేడు మీ అక్క వచ్చినప్పుడు మధ్యలో ఎక్కడికైనా పోయిందా?"

"యాడికి పోతుంది బావా? రెండు దినాలూ మా ఇంట్లోనే ఉన్నింది. నా పక్కనే పండుకునె."

"ఏటి దగ్గర పడిందా?"

"పడలేదే. ఏటికే పోలేదు. ఆ దినం పగలు అన్నం తిని పండుకుండె. ఎంత పిలిచినా లేవలే. పొద్దు వాలినాక లేస్తే మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి, మంచం దిగలేకపాయె. నేను భయపడితే నవ్వింది. బావకు చెప్పొద్దు, పడినానని చెప్తాలే అనె. ఎందుకు బావా? యాడుండావు నువ్వు?" అంది.

ఆ పగలు నేనూ నిద్రలోనే ఉన్నాను. నొప్పి మాత్రలు మింగితే అప్పట్లో అలాగే పడుకునేవాణ్ణి. ఎదురింటి ఆవిడ అన్నం తెచ్చి తలుపు కొట్టి కొట్టి, చివరికి పక్కింటివాళ్ళను పిలిచిందని తర్వాత తెలిసింది. ఇంతకంటే నేను దీన్ని విప్పి చెప్పలేను. చెప్పే ప్రయత్నం కూడా చేయను.

మందిరం లోపలికి పోయి కొంచెంసేపు నిలబడ్డాను. నాకు ప్రార్థన రాదు. మాత పాదాల కింద గాజు పెట్టెలో మైనపు బొమ్మలు కుప్పగా ఉన్నాయి, ఎండకు ఒకదానికొకటి అంటుకుపోయి. వాటిలో గుండెలు చాలా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియదు.

దిగేటప్పుడు ఏ చప్పుడూ లేదు. చెట్ల కింద ఎదురింటి ఆవిడ విస్తరి వేసి నా కోసం కాచుకుని ఉంది. నా చేతిలో చీర చూసి లేచి నిలబడింది.

"తీసుకోలేదా అన్నా? అయితే తీరలేదా?"

"తీరింది. పోయినేడే తీర్చుకుంది."

ఎలా అని అడుగుతుందనుకున్నాను. ఆమె చీర అంచు తన వైపు తిప్పుకుని పసుపు చూసింది, మరకలు చూసింది, నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"మొక్కు తీరింటే వదినె ఎందుకు పోయిందన్నా?"

"జ్వరంతో" అన్నాను.

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. ఆమె ఏడుస్తూ నాకు అన్నం వడ్డించింది.