లామినేషన్ చేసిన నోటు

బాబాయి పిన్నికి ఆ సంగతి ఎందుకు చెప్పలేదు? ప్రేమతోనా, చెప్పినా ఆవిడకి అర్థం కాదన్న చులకనతోనా? ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న. ఎప్పటికైనా అడగవచ్చులే అనుకున్నాను. పోయిన నెల బాబాయి పోయారు. ఫోను రాగానే స్టవ్వు ఆపి, చెప్పులేసుకుని, ఆటో ఎక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

వన్ టౌన్‌లో, ఓడలకు సరుకులు పంపే కొట్టులో పనిచేసేవారు బాబాయి. ఓడల వాళ్ల దగ్గర పాత నోట్లు సేకరించేవారు. అమెరికాలో ఒకప్పుడు చిన్న చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా తమ పేరు మీద నోట్లు వేసేవట. అలాంటిది ఒకటి ఆయనకు దొరికింది. చేతులు కడిగి, తుడుచుకుని, తడి ఆరాక గానీ దాన్ని ముట్టుకునేవారు కాదు.

"ఊరు ఎంత సిన్నదైతే గిరాకీ అంత ఎక్కువమ్మా. ఆ బేంకు నోట్లు మిగిలినియ్యే తక్కువ గదా," అనేవారు. ఇస్త్రీ చేద్దామా అని నేనంటే నవ్వారు. "ముడతలే దాని వయసు. తీసేత్తే ఇంకేటుంటాది?"

ఒక వానాకాలం బీరువాలో బట్టలకు బూజు పట్టింది. పిన్ని రేషన్ కార్డుతో పాటు ఆ నోటునీ జిరాక్సు షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించుకొచ్చింది.

"సూడండి, ఇంక సముద్రపు గాలి ఏటి సేత్తాదో!"

బాబాయి దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. "బాగుందే. ఇంక నలగదు," అన్నారు.

నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు మాత్రం చెప్పారు. "ప్లాస్టిక్కు తీత్తే సిరిగిపోద్ది. ఉంచితే నోట్లు తెలిసినోడెవడూ ముట్టుకోడు, దాని ఇలువ పోయినట్టే. మీ పిన్నికి సెప్పకు."

"ఎందుకు బాబాయ్?"

"బస్సొచ్చేసింది, ఎక్కెక్కు, సీటు దొరకదు."

ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ దాన్ని చూపించి, "మా ఇంటావిడే కాపాడింది," అనేవారు. పిన్ని మొహం విప్పారేది. ఆయన మొహం చదవడం నాకెప్పుడూ చేతకాలేదు.

నిన్న పిన్ని పిలిచింది. "ఆదివారం పాత నోట్ల ఎగ్జిబిషనంట. ఆయన సావాసగాళ్లందరూ వత్తారు. నన్నట్టుకెళ్తావా అమ్మా? ఆయన ఫొటో పక్కన ఇది ఎడదాం. నానుండబట్టే ఇది మిగిలిందని ఆల్లకీ తెలియాల గదా."

అక్కడ ఎవరో ఒకరు అయ్యో అంటారు. ఎందుకని పిన్ని అడుగుతుంది. వాళ్లు చెప్పేస్తారు. ముందే నేను చెబితే, ఇన్నేళ్లూ బాబాయి ఆవిడతో ఆడింది అబద్ధమని కూడా చెప్పినట్టే.

"సరే పిన్నీ," అన్నాను. ఆవిడ చీర చెంగుతో ప్లాస్టిక్కు మీద మరకలు తుడుస్తూ కూర్చుంది. చెప్పాలో వద్దో నాకింకా తేలలేదు.