జీపు సెట్టులో గరగర

మొన్న మా కోడలు వంటింట్లో కొత్త బల్బు పెట్టించింది. వెలుగు బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ అది వెలిగిన దగ్గర నుంచి వరండాలో నా రేడియో ఒక్క ముక్క సరిగా పలకడం లేదు. వార్తలు మొదలవగానే బరబరమని ఒకటే గోల. బల్బు ఆపమంటే కోడలు, “మామయ్యా, వార్తలు ఫోన్ల వినొచ్చు గదా” అంటుంది. ఆమె అన్నదీ నిజమే. నేను మాత్రం రేడియోను అటు తిప్పి, ఇటు తిప్పి, గోడకు ఆనించి, కిటికీలో పెట్టి, చివరికి ఏమీ చేతకాక కుర్చీలో కూలబడ్డాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి బల్బు మీద ఇంత ఉక్రోషం ఏమిటని ఇంట్లో అందరికీ నవ్వు. ఈ గరగరతో నాకు పాత పగ ఉందని వాళ్లకు తెలియదు.

డెబ్బైల మొదట్లో నేను నిజామాబాదులో ఒక ప్రభుత్వ శాఖలో వైర్‌లెస్ ఆపరేటర్‌ని. వానాకాలం వస్తే మా మకాం కందకుర్తి. అక్కడ మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. రెండు నదుల నీరు ఎంత పెరిగిందో చూసి గంటగంటకూ హైదరాబాదుకు చెప్పాలి. వాళ్లు దిగువ ఊళ్లకు కబురు పంపాలి. టెలిఫోను తీగలు మొదటి గాలివానకే తెగిపడేవి కాబట్టి మాకొక జీపు ఇచ్చారు. దాని వెనక సీట్లు తీసేసి పెద్ద సెట్టు బిగించారు. మనిషికి రెండింతల ఎత్తున ఏరియల్. అది నూరు మైళ్లు దాటి మాట్లాడుతుందని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. పుస్తకం రాసినవాడు మా జీపును చూసి ఉండడు. ఇంజను ఆపితే హైదరాబాదు మాట స్పష్టంగా వినిపించేది గానీ, పది నిమిషాలకు బ్యాటరీ నీరసపడి మన మాట వాళ్లకు చేరేది కాదు. బ్యాటరీ కోసం ఇంజను నడిపితే చెవుల్లో గరగర తప్ప మరేమీ ఉండేది కాదు. అవతలి స్టేషన్లో కూర్చున్న మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఆయన నాతో అన్న మాటల్లో సగానికి సగం “మళ్లీ చెప్పండి” అన్నవే. ఒక ఏడాది వరదలో నేను చెప్పిన అంకె ఆయనకు అందిందో లేదో తెలియక, అరిచి అరిచి నా గొంతు వారం రోజులు రాలేదు.

జీపు నడిపే ఆయనను నేను చాచా అనేవాణ్ని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. బోధన్ మనిషి. వాళ్ల తాత, తండ్రి జట్కా బండ్లకు రంగులు వేసి బతికినవాళ్లు. ఆయనకు స్టీరింగు దొరికినా చేతిలోంచి కుంచె పోలేదు. మా జీపు ఎప్పుడు చూసినా ఆ ఉదయమే కొన్నట్టు ఉండేది. పదకొండేళ్ల నుంచి ఆయన తాత్కాలిక ఉద్యోగి, ఆ ఉద్యోగమూ ఆ ఒక్క జీపుకు కట్టి ఉంది. ఆ వరద మరుసటి ఏడు ఎండాకాలంలో పైనుంచి రెండు కాగితాలు వచ్చాయి. వానలకు ముందు, ఇంజను నడుస్తుండగా సెట్టు పనిచేస్తుందని చూపించకపోతే జీపును వెనక్కి తీసుకుంటామని ఒకటి. ఈసారి తనిఖీలో బండి బాగుందని రాస్తే డ్రైవరును పర్మనెంటు చేస్తామని రెండోది. మొదటి కాగితం నా పేర వచ్చింది, రెండోది ఆయన పేర. రెండింటి మీదా ఆధారపడింది మాత్రం ఆయన బతుకే. నాకు ఉద్యోగం ఎటూ ఉండేది, ఇంకో ఊరికి బదిలీ చేసేవాళ్లు, అంతే. అయితే ఆ సంగతి నేను అప్పుడు అంతగా ఆలోచించలేదు. ఇరవై అయిదేళ్ల వాణ్ని. నాకు ఆ గరగర మీద గెలవాలని ఉండేది.

గరగర అంటే ఒకటే శబ్దం కాదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే అందులో మూడు రకాలు తెలిసేవి. ఇంజను ప్లగ్గుల నుంచి వచ్చేది టకటకమని, యాక్సిలేటరు తొక్కితే వేగం పెంచేది. డైనమో నుంచి వచ్చేది సన్నటి కూత. ప్లగ్గుల తీగలకు అడ్డుగా చిన్న చిన్న రెసిస్టర్లు పెట్టి మొదటిదాన్ని అణిచాను. డైనమోకు కండెన్సరు కావాలని స్టోర్సుకు కాగితం పెడితే మూడుసార్లు తిరిగి వచ్చింది. మూడోసారి దాని మీద, ఇది మోటారు సామానా, వైర్‌లెస్ సామానా తెలుపగలరు అని ఎర్ర సిరాతో రాశారు. రెండూ అని రాసి పంపాను. ఆ జవాబుతో కాగితం ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. చివరికి బోధన్‌లో ఒక మెకానిక్ దగ్గర పాత కండెన్సరు అడిగి తెచ్చుకున్నాను. కూత తగ్గింది. తగ్గని శబ్దం ఇంకొకటి ఉంది. దానికి వరస లేదు, లెక్క లేదు. గుంతలో చక్రం పడితే రెచ్చిపోయేది, ఒక్కోసారి దానంతట అదే ఆగేది, ఆగిందని నేను సంతోషించేలోపు మళ్లీ మొదలయ్యేది.

దాని కోసం మేము తిరగని దారి లేదు. కరెంటు తీగల దోషమేమోనని, తీగలు లేని చోటు వెతుక్కుంటూ మోర్తాడ్ వైపు వెళ్లాం. దారి పొడవునా ఉడికించిన పసుపు ఆరబోసి ఉండేది. దాని మీద దుమ్ము పడకూడదని చాచా బండిని నడక వేగంతో పోనిచ్చేవాడు. నాకేమో గుంతల్లో గట్టిగా పోతే గానీ శబ్దం దొరకదు. ఇద్దరికీ అక్కడే చిరాకు మొదలు. బోధన్ దారిలో చెరుకు బండ్ల వరస మధ్య ఇరుక్కుని, ఫ్యాక్టరీ నుంచి వచ్చే మాడిన పాకం వాసన పీలుస్తూ గంటలు గంటలు కూర్చున్నాం. ఒకసారి సంత దగ్గర ఆపి సెట్టు స్పీకరు పెట్టి వింటుంటే, కూరగాయల ముసలామె ఒకతె దగ్గరికి వచ్చి లోపల ఏం వేగుతోందని మరాఠీలో అడిగింది. చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ అనకూడని మాట అన్నాను.

“చాచా, లోపం సెట్టుల లేదు. నీ బండిలనే ఉన్నది.”

ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. “నా బండికి ఏ రోగం లేదు సాబ్. మీ డబ్బకే ఉన్నదేమో సూస్కోండ్రి” అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు మా మధ్య సలాము తప్ప మాట లేదు.

తనిఖీ ఇంకా మూడు రోజులుందనగా నాకు అది దొరికింది, అదీ నా తెలివితో కాదు. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో జీపు నడుస్తోంది. విసుగెత్తి చేతిలోని స్పానరును బానెట్ మీదికి విసిరాను. అది జారి, బానెట్ అంచుకూ ముందు అద్దం చట్రానికీ మధ్య, రంగు పెచ్చు లేచిన చోట ఇరుక్కుంది. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలో గోల సగానికి పడిపోయింది. స్పానరు తీశాను, గోల లేచింది. పెట్టాను, పడిపోయింది. పదిసార్లు తీసి పెట్టి ఉంటాను.

“చాచా, ఈ బోల్టుల కింద గూడ రంగేసినవా?”

ఆయన ముఖం వెలిగింది. రెండు రోజుల అలక మరిచిపోయాడు. “ఎయ్యకుంట ఉంటనా సాబ్? ప్రతి సాలు తనిఖీకి ముందు ఒక్కొక్క బోల్టు ఇప్పుత. కింద ఎర్రరంగు, పైన పచ్చరంగు ఏసి మల్ల బిగిస్త. పదకొండేండ్ల సంది ఒక్క బోల్టుకు గూడ జంగు పట్టనియ్యలే.”

అదీ సంగతి. బండి ఇనుమంతా బోల్టుల ద్వారా ఒకటిగా కలిసి ఉంటే ఇంజను గోల ఆ ఇనుములోనే అణిగిపోతుంది. మా జీపులో బానెట్, మడ్‌గార్డులు, పొగగొట్టం, ఏరియల్ దిమ్మ దేనికది విడివిడిగా, పదకొండు పూతల రంగు మీద కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇంజను గోలను పట్టుకుని ఏరియల్‌కు అందిస్తోంది. ఇంకే బండి డ్రైవరైనా ఆ బోల్టుల జోలికే పోయేవాడు కాదు, మా పని సులువయ్యేది. చాచా అంతా ఓపిగ్గా విన్నాడు. “అంటే, గా గరగర నేనే చేసిన్నా?” అని అడిగాడు. మెల్లగా చెప్పడానికి వంద మార్గాలున్నాయి. నేను అవునన్నాను. మూడు నెలలు వృథా అయ్యాయని కూడా అన్నాను.

మరునాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. అతుకు ఉన్న ప్రతి చోటా రంగు గీకి ఇనుము తేల్చాలి, పాత బ్యాటరీ తీగ నుంచి తీసిన రాగి జడను పట్టీలుగా కోసి రెండు వైపులా బిగించాలి. బిగించాక పైన రంగు వేసుకోవచ్చు, పట్టీ కింద లేకపోతే చాలు. పైన వేసుకోవచ్చనే ఆ ఒక్క మాట మీదే చాచా ఒప్పుకున్నాడు. ఆకురాయి ఆయన చేతికి ఇస్తే బానెట్ మీద రెండుసార్లు ఆడించి నాకు తిరిగి ఇచ్చేశాడు. “నా తోని కాదు సాబ్. మీరే గీకుండ్రి” అని మొహం తిప్పుకుని పట్టీలు కోయడానికి కూర్చున్నాడు. నేను గీకాను. అవసరమైన దానికంటే వెడల్పుగా, కసితీరా గీకాను. సాయంత్రానికి ఆ పచ్చటి జీపు మీద పది చోట్ల తెల్లటి మచ్చలు తేలాయి. చివరి పట్టీ బిగించేసరికి వెలుగు పోయింది. ఇంకో రోజు చేతిలో ఉంది కదా, రేపు రంగు వేద్దాం అనుకున్నాం.

తనిఖీ అధికారి ఒక రోజు ముందే వచ్చాడు. ఎందుకు వచ్చాడో ఎవరూ చెప్పలేదు, అడిగే హోదా మాకు లేదు. పది గంటల వేళ. చాచా అప్పుడే రంగు డబ్బా మూత తీశాడు. నేను జీపు వెనక కూర్చుని, ఇంజను నడుస్తుండగా, హెడ్‌ఫోన్లు బిగించి హైదరాబాదును పిలిచాను. అవతలి స్టేషను ఆయన పలికాడు. నేను ఒక అంకె చెప్పాను. ఆయన మళ్లీ చెప్పండి అనలేదు. ఆ అంకెనే తిరిగి చదివి వినిపించాడు. ఆయన వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు కూడా నాకు వినిపించింది. ఆయన దగ్గాడు. అంత స్పష్టమైన దగ్గు నేను జన్మలో వినలేదు. ఇంకో అంకె చెప్పాను, ఇంకోటి చెప్పాను. పని అయిపోయినా వదలబుద్ధి కాక, అక్కడ ఎండలెలా ఉన్నాయని అడిగాను. అధికారి జీపు చుట్టూ తిరగడం, ఏదో రాసుకోవడం కంటికి కనిపించింది. బండి నంబరు రాసుకుంటున్నాడనుకున్నాను. సెట్టు వినిపించమని నన్ను పిలుస్తాడని చూశాను. పిలవలేదు. హెడ్‌ఫోన్లు తీసేసరికి ఆయన కారు గేటు దాటుతోంది, చాచా కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమన్నడు చాచా?”

“ఏమనలే సాబ్. మీ ముచ్చట అయిందా?” అన్నాడు.

వారానికి కాగితం వచ్చింది. బండిని పది చోట్ల గీకి పాడుచేశారనీ, తానే గీకినట్టు డ్రైవరు ఒప్పుకున్నాడనీ, పర్మనెంటు చేయడానికి తగడనీ అందులో ఉంది. దాన్ని పట్టుకుని హెడ్ గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. గీకింది నేను, ఆయన రెండుసార్లు తప్ప ఆకురాయి ముట్టలేదు, దాని వల్లే సెట్టు పనిచేస్తోంది, కావాలంటే వచ్చి వినండి అని చెప్పాను. “నువ్వు వైర్‌లెస్. బండి మోటారు సెక్షనుది. అండ్ల నీకేం పని?” అన్నాడు హెడ్ గుమాస్తా. రాసిచ్చాను. నేను రాసింది వైర్‌లెస్ ఫైలులో పెట్టారు, చాచా కాగితం మోటారు ఫైలులో పెట్టారు. ఆ రెండు ఫైళ్లూ ఒకే గదిలో రెండు బీరువాల్లో ఉండేవి. సెట్టు పనిచేస్తోంది కాబట్టి జీపు మాకే ఉంది. దాన్ని నడపడానికి ఒక పర్మనెంటు డ్రైవరును పంపారు. ఆ వానాకాలం కందకుర్తి నుంచి నేను పంపిన ప్రతి అంకె హైదరాబాదుకు చేరింది. దిగువ ఊళ్ల వాళ్లు పశువులతో సహా ముందే గట్టెక్కారు. నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది. దాన్ని ఏం చేశానో చెప్పను, సిగ్గు.

ఆ చలికాలంలో బోధన్ దారిలో చెరుకు లారీల వరసలో చాచా కనిపించాడు. ఎవరిదో లారీ నడుపుతున్నాడు. నేనే ఎక్కి పక్కన కూర్చున్నాను. వరస కదలడం లేదు. ఎన్ని నెలలుగానో గొంతులో ఉన్నది అడిగేశాను. “నేను గీకిన్నని ఎందుకు చెప్పలే చాచా? నేను రెండు గజాల దూరంల ఉంటి. ఒక్కసారి భుజం తట్టితే అయిపోతుండె గదా.”

ఆయన ముందున్న లారీ వంక చూస్తూనే, “తట్టుదామనే వచ్చిన సాబ్” అన్నాడు. “మీరు గవి చెవులకు పెట్టుకొని, కండ్లు మూసుకొని నవ్వుతుండ్రి. మూడు నెలల సంది మీరు నవ్వంగ నేను సూడలే. ఎట్ల ఆపాలె?”

ముందున్న లారీ కదిలింది, ఆయన గేరు వేశాడు, నేను దిగిపోయాను. ఆ నవ్వు మహా అయితే మూడు నిమిషాలు ఉంటుంది. అందులో ఆయన పదకొండేళ్లు పోయాయి. ఆ తర్వాత యాభై ఏళ్లు ఎలాగో గడిచిపోయాయి గానీ, ఆ మూడు నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.