పొగరాని పొయ్యిలు

హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం నడిపే వెంకటేశ్వర్లు కూతురు రాజేశ్వరికి మనుషులను చూడగానే మనసులో తూకం వేసే అలవాటు. ఆ తూకానికి చాలామంది తక్కువే తూగేవారు. పెళ్లయిన రెండో ఏడే భర్త టైఫాయిడ్‌తో పోయాడు. పుట్టింట్లో వదిన విసుర్లు వింటూ బియ్యం ఏరడం ఇష్టంలేక మెట్రిక్ ప్యాసై, గ్రామసేవిక శిక్షణకు వెళ్లింది. 1961 జూన్‌లో వర్ధన్నపేట అవతల ఒక బ్లాకు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పల్లెల్లో ఆడవాళ్లకు శుభ్రత, పిల్లల పెంపకం, పొగరాని పొయ్యి కట్టుకోవడం నేర్పాలి. అదీ పని.

ఆఫీసంటే ఒకప్పటి దొర ఉండే పాత గడిలో రెండు గదులు. మొదటి రోజు ఆమె పది గంటలకు బస్సు దిగి వెళ్లేసరికి అటెండరు మొండయ్య విత్తనాల బస్తా మీద నిద్రపోతున్నాడు. పదకొండున్నరకు హెడ్ క్లర్కు లక్ష్మీనారాయణ వచ్చాడు. వస్తూనే అంగీ విప్పి మేకుకు తగిలించి, బనీనుతో కూర్చున్నాడు. ఎదురుగా కొత్త ఆడమనిషి నిలబడి ఉందన్న ధ్యాసే లేదు.

"కూసోండ్రి అమ్మా," అన్నాడు. "ఏడ కూసోవాల్నో మాత్రం నన్నడగకుండ్రి. ఉన్నయే మూడు కుర్చీలు."

గోడవారగా పేర్చిన కాగితాల కట్టల మీద కూర్చుంది. తీరా చూస్తే అవి ఊళ్లలో పంచవలసిన పొగరాని పొయ్యి కరపత్రాలు. వచ్చి రెండేళ్లయినా కట్టిన తాడు విప్పలేదు.

బీడీవో కిషన్ రావు హనుమకొండ సుబేదారిలో కాపురం ఉంటూ మంగళవారం, శుక్రవారం మాత్రం దర్శనమిచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆఫీసు జీపుకు ఆయన పిల్లలను బడిలో దించే పని. నోట్లో పాన్ పెట్టుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "సేవ అనేది ఉద్యోగం కాదమ్మా, ఉపాసన," అన్నాడు రాజేశ్వరితో. ఆ మాట పూర్తికాకుండానే కిటికీలోంచి ఉమ్మేశాడు. రాజేశ్వరి లోపల చీదరించుకుంది. నాన్న దుకాణంలో రాళ్లు ఛటాకు అటూ ఇటూ ఉంటే ఉంటాయిగాని, ఇక్కడ తక్కెడే లేదు అనుకుంది.

నెల తిరక్కముందే రిజిస్టరు తిరగేసింది. ఒక్క ఊళ్లోనే నూట నలభై పొగరాని పొయ్యిలు కట్టినట్టు రాసి ఉంది. ఆ ఊళ్లో ఉన్న ఇళ్లే నూట అరవై. చూసొద్దామని బయల్దేరింది.

మొదట వెళ్లింది కూలి పనికి పోయే భద్రమ్మ ఇంటికి. గుడిసె నిండా పొగ. భద్రమ్మ మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని, ఎర్రబడ్డ కళ్లను కొంగుతో ఒత్తుకుంటూ జొన్న గట్క కలుపుతోంది. మూలన సర్కారు వాళ్ల పొయ్యి ఉంది. దాని నోట్లో గడ్డి పరుచుకుని ఒక కోడి పొదుగుతోంది.

"గిదేందవ్వా, పొయ్యిల కోడిని వెట్టినవు?"

"మరేం వెట్టమంటవు? ఇంటి మీద తాటాకు. గొట్టంల నుంచి నిప్పురవ్వ వడితె కొంప అంటుకుంటది. మీ ఆఫీసోళ్లకు గా సంగతి చెప్తె ఇన్నరా? కట్టిన్రు, ఫొటో దిగిన్రు, పోయిన్రు," అంది భద్రమ్మ. కాసేపు ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వెప్పుడన్న గుడిసెల వండినవా బిడ్డా?" అని అడిగింది.

రాజేశ్వరి శిక్షణలో సరిగ్గా అలాంటి పొయ్యే కట్టి మొదటి మార్కు తెచ్చుకుంది. అక్కడ పైన పెంకులు. ఊళ్లలో తాటాకు గుడిసెలు ఉంటాయని చెప్పినవాళ్లు లేరు, తనకూ తట్టలేదు. ఆఫీసు మీదున్న ఏవగింపులో కొంత ఆరోజు తన మీదికి మళ్లింది.

సాయంత్రం దాకా ఊరంతా తిరిగింది. వెలుగుతున్నవి మూడే. మర్నాడు ఆ మాట చెబితే లక్ష్మీనారాయణ కలం కూడా దించలేదు.

"పొయ్యిలు కట్టినమని రాసినమమ్మా. అండ్ల వండుతాన్రని ఏడ రాసినం?"

జనవరిలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. అంతే, కిషన్ రావు వారం రోజులు వరసగా ఆఫీసుకు వచ్చాడు. భద్రమ్మ ఊరి పట్వారీది పెంకుటిల్లు. అక్కడి పొయ్యికి సున్నం వేయించి, ముగ్గు పెట్టించాడు. పాలపొడి ఇస్తామని చెప్పి ఇరవైమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, అదే మహిళా మండలి అన్నాడు. ఆఫీసరు వచ్చాడు, చూశాడు, దండ వేయించుకున్నాడు. జీపు ఎక్కబోతుంటే రాజేశ్వరి ముందుకు వచ్చింది.

"సార్, ఇంకొక్క పొయ్యి ఉంది. జర చూసి పోండ్రి. పక్క వాడలనే."

కిషన్ రావు ముఖం మాడిపోయింది. ఆఫీసరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె వెనక నడిచాడు. భద్రమ్మ గుడిసెలో కోడి యథాస్థానంలో ఉంది. నూట నలభైలో వెలిగేవి మూడేనని, మిగతావి ఇలా ఉన్నాయని రాజేశ్వరి చెప్పింది.

ఆఫీసరు వంగి కోడిని చూసి నవ్వాడు. "రోజూ గుడ్డు పెడుతుందా?"

"పెడ్తది దొరా," అంది భద్రమ్మ.

ఆయన కిషన్ రావు వైపు తిరిగాడు. "వీటిని కోళ్ల పెంపకం కింద చూపించారా?"

"లేదు సార్."

"చూపించండి. ఒక్క ఖర్చుతో రెండు పనులైనట్టు ఉంటుంది."

ఫిబ్రవరి నివేదికలో కోళ్లగూళ్లు నూట ముప్పై ఏడు అని టైపు కొట్టారు. కింద గ్రామసేవిక సంతకం కావాలి. రాజేశ్వరి ఒక పూటంతా ఆ కాగితం ముందు కూర్చుంది. రాజీనామా ఇస్తే మళ్లీ వదిన ఇల్లే. సంతకం పెట్టింది. లక్ష్మీనారాయణ కాగితం అందుకుని, తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క విరిచి ఆమెకిచ్చాడు.

"ఇగ ఫికర్ లేదమ్మా. మీరు గూడ మా మనిషైన్రు," అన్నాడు ఆప్యాయంగా. అన్ని నెలల నిర్లక్ష్యమూ గుచ్చుకోనంతగా ఆ ఆప్యాయత గుచ్చుకుంది. అయినా సర్వపిండి తిన్నది.

ఆ గురువారం మళ్లీ ఊరికి పోతే భద్రమ్మ గడపలోనే అడ్డం కూర్చుంది. "ఊకె అచ్చి చూసి పోకు. కండ్లు మండుతానయ్, దవాఖాన మందు తెస్తెనే రా," అంది.

రాజేశ్వరి తెచ్చింది. ఆ తర్వాత ప్రతి గురువారమూ తెచ్చింది. మందు వేయించుకుంటూ భద్రమ్మే ఒకనాడు, మూడు రాళ్ల పొయ్యి వెనక గోడకు చూరు కింద సందు కొడితే పొగ పోతుందేమో అంది. పక్కింటి మొగిలమ్మ గడ్డపార తెచ్చింది. ముగ్గురూ కలిసి కొట్టారు. చాలావరకు పొగ పోయింది. మూడేళ్లలో నలభై గుడిసెల గోడలకు సందులు పడ్డాయి. గోడలకు సందులు కొట్టడం ఏ పథకంలోనూ లేదు కనుక రాజేశ్వరి ఎక్కడా రాయలేదు. రాస్తే వాటిని ఇంకే ఖాతాలో వేస్తారో అని కూడా రాయలేదు.

కిషన్ రావు ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు. ఆయన తర్వాత వచ్చినాయన పాన్ నమలడు, అంతే తేడా. ఆ ఆఫీసు అంటే రాజేశ్వరికి ఉన్న చిన్నచూపు ఆరేళ్లలో వీసమెత్తు తగ్గలేదు. బదిలీ అయిన రోజు కొత్త బీడీవో ఆమె కట్టించిన పొయ్యిలను, పెంచిన కోళ్లను పొగుడుతూ అరగంట మాట్లాడాడు. ఆమె ఆవలింత ఆపుకోలేదు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే భద్రమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"కొత్తామె అస్తదా?"

"అస్తదవ్వా. ఎసొంటిదో తెల్వది."

"ఎసొంటిదైతేంది. మందు ఏడ దొరుకుతదో, ఎవలనడగాల్నో ఆమెకు చెప్పి పో."

రాజేశ్వరి సంచిలోంచి కాగితం తీసి, దవాఖానలో మందులిచ్చే కంపౌండరు పేరు, ఆయన ఉండే వేళలు రాసి, కొత్తామెకు ఇమ్మంది. భద్రమ్మ దాన్ని మడిచి కొంగున ముడేసుకుని కలుపు తీయడానికి పోయింది.