అడుగు కలిపే మరిది

మా మరిదికి ఒక్కటే జబ్బు. ఒంటరిగా నడిచే మనిషి కనబడితే చాలు, పక్కన చేరి అడుగు కలుపుతాడు. పోస్ట్‌మ్యాన్‌తో పాటు వీధంతా తిరిగి వస్తాడు. అలిగి, పెట్టె పట్టుకుని పోతున్న పక్కింటి అల్లుడి వెంట ఒకసారి స్టేషన్ దాకా వెళ్ళాడు. దారి పొడుగునా ఇతను చెప్పింది విన్నాక ఆ అల్లుడికి అత్తగారే నయమనిపించి తిరుగు బస్సెక్కాడు.

చెప్పేదల్లా వెలుగు గురించే. పరిశోధనశాలలో జీతమిచ్చి మరీ దాన్ని చూడమంటారు ఇతన్ని. ఆ వెలుగు పారేందుకు వెంట్రుకంత సన్నటి గాజుదారాలు రెండు, పక్కపక్కన.

"తాకవు వదినా, దగ్గరగా ఉంటాయంతే. దారంలో ఒక మెరుపు పంపిస్తే పోను పోను చెదిరిపోతుంది. సరిపడా బలముంటే తనను తానే కూడగట్టుకుని పోతుంది. అదే సొలిటాన్. పక్క దారంలో ఇంకోటి పంపామనుకో..."

"వెనకబడ్డదాన్ని ముందుది లాగుతుంది, ఉరికేదాన్ని వెనకది ఆపుతుంది. పాలు పొంగుతున్నాయి, లే."

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ ముక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

మొన్న నా మోకాలికి ఆపరేషనైంది. ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరమ్మ తేల్చి చెప్పింది: "వరండా ఆ చివరిదాకా ఎవర్నీ పట్టుకోకుండా నడవండి. లేదంటే మేడమీద గది మరిచిపోండి."

మేడమీద గది నా రాజ్యం. దిగితే కోడలి వంటింటి పక్కన మంచం. ఆ అమ్మాయి మంచిదే. ఆమె రేడియోతోనే నాకు పడదు.

నర్సు చెయ్యి అందిస్తే తోసేశాను. మరిది వచ్చి పక్కన చేరాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను."

"నేనెందుకు ముట్టుకుంటాను? చిక్కొచ్చి పడింది వదినా. రేపు పరిశోధనశాలకొచ్చే పిల్లలకి పాఠం చెప్పాలి. దారంలో మెరుపు పంపిస్తే అది... ఏమవుతుంది?"

"చెదిరిపోతుంది. మతి కూడా పోయిందా నీకు?" ఒక అడుగు పడింది.

"ఊఁ. బలమైనదైతే ఆగిపోతుంది కదూ?"

"నీ మొహం. కూడగట్టుకుని పోతుంది." ఇంకోటి పడింది.

అతను తప్పు మీద తప్పు చెబుతున్నాడు. దిద్దుతూ దిద్దుతూ సగం వరండా దాటాను. అక్కడ కాలు వణికింది. నేను ఆగితే అతనూ ఆగాడు.

"ఇంతకీ దారాలు రెండూ పెనవేసుకుని ఉండాలంటావా?"

"తాకకూడదని ఇన్నేళ్ళు నా బుర్ర తిన్నది నువ్వు కాదూ?" అని కేకలేస్తూనే పోయి చివరి గోడకి చెయ్యి ఆనించాను.

"మేడమీదే ఉండండి," అంది డాక్టరమ్మ.

గెలిచిన ధీమాతో వెనక్కి తిరిగాను. మరిది చెయ్యి నా నడుము వెనక, జానెడు దూరంలో, పళ్ళెం పట్టుకున్నట్టు చాచి ఉంది. మొదటి అడుగు నుంచీ దించలేదని నర్సు చెప్పింది.

"తాకలేదు వదినా," అన్నాడు.

"చూశాలే. దించు, పట్టేస్తుంది."

ఇంటికొచ్చి మేడమెట్లు ఎక్కుతుంటే మళ్ళీ అడిగాడు, దారంలో మెరుపు పంపిస్తే ఏమవుతుందని. తిట్టకుండా మొదటి నుంచీ చెప్పాను.