మిరపతోటకు కొట్టినట్టు కారుకు కొట్టించారు

నన్ను ముంచింది మీరే. కారు స్టార్ట్ కావడం లేదని పొద్దున ఈ గ్రూపులో రాస్తే, ఇంజను గాలి గొట్టంలో స్టార్టింగ్ స్ప్రే కొట్టమని ముప్పై మంది చెప్పారు. పత్తి జిన్నింగ్ మిల్లులో చెయ్యి నలిగిన మరియమ్మగారిని చిలకలూరిపేట నుంచి పదకొండింటికి గుంటూరులో నష్టపరిహారం కేసు విచారణకు తీసుకెళ్లాలి. మీ మాట నమ్మి కొట్టాను. ఇంజను రెండు క్షణాలు పలికి ఆగింది. డబ్బా అయిపోయేదాకా మళ్లీ మళ్లీ కొట్టాను.

చివరికి పిలిస్తే మెకానిక్ మస్తాన్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"మిరపతోటకు కొట్టినట్టు కొట్టారేంటండీ, ఏ పురుగో చూడకుండా? మీ పాత కార్బొరేటర్ బండైతే కాస్త కొడితే లేచేది. ఇది ఇంజెక్షన్ బండి. పెట్రోలు పంపు ఫ్యూజు పోయింది, అంతే. ఇప్పుడు మీ స్ప్రేకి గాలి కొలిచే సెన్సర్ కూడా పోయింది."

పురుగుమందులు గుడ్డిగా కొట్టొద్దని రైతులకు ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి, ఖాళీ డబ్బా సీటు కిందికి తోసేశాను.

ఇద్దరం బస్సులో వెళ్లేసరికి ఆవిడ పేరు పిలిచి, వాయిదా వేసేశారు.

"పోన్లెండి సార్, నా చెయ్యి అప్పటికీ ఇలాగే ఉంటుందిగా" అంది మరియమ్మగారు.

నా డిమాండ్లు:
- ఏ బండో అడగకుండా సలహా ఇవ్వొద్దు.
- పొద్దుటి కామెంట్లు చెరపొద్దు. వాటి కిందే తప్పని రాయండి.
- వచ్చే వాయిదాకు ఆవిణ్ణి మీలో ఒకరు కారులో తీసుకెళ్లాలి. ఎవరో ఇక్కడే చెప్పండి.