తువ్వాలు కింద బేరం

షోకి ముందు మేకప్ చేసే అమ్మాయి నా భుజాల మీద తువ్వాలు కప్పినప్పుడల్లా నాయుడుపేట పశువుల సంత గుర్తొస్తుంది. నేను హాస్యనటిని. నా మాటలు నేనే రాసుకుంటాను. కానీ నా మొదటి ప్రదర్శనలో మాటలే లేవు.

చిన్నప్పుడు ఒకసారి, ఎద్దును అమ్మడానికి వెళుతూ నాయన నన్నూ తీసుకెళ్లాడు. ఆయనా, కొనే ఆసామీ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకున్నారు. పక్కవాళ్లకు తెలియకుండా వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారని నాకేం తెలుసు? లోపల చక్కిలిగింతలు పెట్టుకుంటున్నారనీ, ముందు నవ్వినవాడు ఓడినట్టనీ అనుకున్నాను. ఇద్దరి మొహాలూ అంతగా బిగుసుకుపోయి ఉన్నాయి మరి.

ఆసామిని నవ్వించి నాయనను గెలిపించాలని, నాయన పక్కన నిలబడి, జడ కొస మీసంలా పెట్టుకుని, బుగ్గలు పూరించి అచ్చం ఆ ఆసామిలా మొహం పెట్టాను. ఆసామి చూపు ఎద్దు మీదే ఉంది, నన్ను చూడలేదు. చూసిన నాయన పక్కున నవ్వేశాడు. ఓడిపోయాడని నాకు ఏడుపొచ్చింది.

ఆసామి మొహం చిన్నబోయింది. "ఏందన్నా, అట్ట నవ్వుతుండావు? నేను చెప్పింది అంత తక్కువగా ఉండాదా?" అంటూ తువ్వాలు కింద మళ్లీ వేళ్లు మార్చాడు. ఈసారి నాయన తలూపాడు.

ఉత్త పలుపుతాడు భుజాన వేసుకుని ఇంటికొస్తూ, "మళ్లీ సంతకు కూడా రా పాపా," అన్నాడు.

ఇప్పటికీ ముందు వరసలో అలా మొహం బిగించుకుని ఒకాయన కూర్చునే ఉంటాడు. నేను ఆయన జోలికి వెళ్లను. పక్కాయనను నవ్విస్తాను. మిగతాది తువ్వాలు కింద జరిగిపోతుంది.